ఆనపబుర్రలో వంశధార

అనగా అనగా కళింగదేశంలో, వంశధార సముద్రంలో కలిసేచోట, కోట కట్టుకుని ఒక రాజుండేవాడు. ఆయన ఏలుబడిలో కొండల్లో సవరలు, మైదానంలో రైతులు, ఒడ్డున జాలరులు ఉండేవారు. అందరికీ బతుకు ఆ ఏరే. ఒక వేసవిలో డిండిముడనే మాంత్రికుడొచ్చి, ఏరు మొత్తాన్నీ ఎండిన ఆనపకాయ బుర్రలోకి పీల్చేసి బిరడా బిగించాడు. సింహాసనం ఇస్తేనే తీస్తానని చెప్పి, బుర్రతో కొండెక్కి కూర్చున్నాడు.

పెద్ద రాకుమారుడు గుర్రమెక్కి వెళ్ళాడు, మాంత్రికుడి మంత్రానికి రాయైపోయాడు. రెండోవాడు ఏనుగెక్కి వెళ్ళాడు, వాడూ రాయైపోయాడు. మూడోవాడు సాగరవర్మ. వాడు ఏడు సముద్రాలు దాటాడనుకుంటున్నారు కదూ? లేదర్రా. సముద్రానికి వీపు తిప్పి, ఎండిన ఏటి ఇసుకలో కొండకేసి నడిచాడు.

ఒడ్డున ఒక జాలరి తాత తన వల ఇచ్చాడు. మైదానంలో ఒక రైతు అవ్వ, పాత పంటలో మిగిలిన ఆఖరి గుప్పెడు అటుకులు ఇచ్చింది. కొండ మీద మామిడితోపు కాస్తున్న సుక్రి అనే సవర పిల్ల దగ్గర ఇవ్వడానికేమీ లేదు, మాట తప్ప.

"ఆ మాంత్రికుడి పేణం ఈ తోపులో ఓ చిలకలో ఉంది బాబూ. దానికి దాహమేస్తే ఆడికీ దాహమేస్తాది. కానైతే మా కొత్త పండగ ఇంకా అవనేదు. అమ్మోరికి పెట్టకముందు ఎవులూ కాయ ముట్టకూడదు. మీ అన్నలు రాగానే కోసుకుని తినేసినారు. అందుకే ఆళ్ళకి ఈ సంగతి ఎవులూ సెప్పనేదు."

తోపులో చిలకలు వెయ్యి. అన్నీ ఒక్కలాగే ఉన్నాయి. సాగరవర్మ చెట్టుకింద కూర్చుని చూశాడు. మొదటిరోజు అటుకులు తిన్నాడు. రెండోరోజు నాలుక పిడచకట్టింది. మూడోరోజు బాగా మగ్గిన పండొకటి సరిగ్గా ఒళ్ళో పడింది. రసం వేళ్ళకంటింది. చెయ్యి నోటిదాకా వెళ్ళింది.

"కొత్త కాలేదు, రాకుమారా," అంది కొమ్మ మీది ముసలి చిలక.

పాపం, వాడికి ఏడుపొచ్చింది. అయినా పండు కింద పెట్టేశాడు. అప్పుడు తట్టింది, ఈ కొండలో చిలకలు కూడా పండగ కోసం ఆగుతున్నాయని. తలెత్తి చూస్తే, వెయ్యింట్లో ఒక్కటి మాత్రం పండు పొడిచి జుర్రుకుంటోంది. వల విసిరి దాన్ని పిడికిట్లో పట్టుకున్నాడు.

బుర్ర చంకనపెట్టుకుని మాంత్రికుడు ఊడిపడ్డాడు. చిలకను చంపితే బుర్ర కూడా బూడిదవుతుందని, ఏరు మళ్ళీ పుట్టదని బెదిరించాడు.

"చంపను," అన్నాడు సాగరవర్మ. "నన్ను రాయి చేశావో, ఈ పిడికిలీ రాయవుతుంది. అందులో నీ చిలకుంది. నేను ఊరికే కూర్చుంటాను."

ఎండ మండుతోంది. చిలక నోరు తెరిచింది. మాంత్రికుడు గుటక మింగాడు. సాగరవర్మకి కళ్ళు తిరుగుతున్నాయి. ఒరిగిపోతే పిడికిలి వదులవుతుంది, అంతే సంగతులు. సుక్రి వెనకాల చేరి తన వీపు ఆనించి వాణ్ణి ఒరిగిపోకుండా ఆపింది. ఆమె పెదవులూ పగిలి ఉన్నాయి. కానీ కొండవాళ్ళకి ఆగడం తెలుసు, మూడురోజుల్లో వాడికీ తెలిసింది. మాంత్రికుడికి మాత్రం అనుకున్నది అనుకున్నప్పుడే కావాలి. ఒక్క గుక్క తాగి మూసేద్దామని బిరడా లాగాడు.

ఏరంతటి ఏరు ఒక్క గుక్కకి ఆగుతుందా? విరుచుకుపడి వాణ్ణి బుర్రతో సహా సముద్రందాకా ఈడ్చుకుపోయింది. తర్వాత ఎక్కడ తేలాడో నాకైతే తెలీదు. నీళ్ళు తగిలి రెండు రాళ్ళు తుమ్ముతూ లేచాయి. అవి అన్నలు. మంత్రం వదిలిన చిలక కడుపునిండా తాగి ఎగిరిపోయింది.

కొత్త పండగ డప్పు మోగింది. అమ్మోరికి పెట్టాక మొదటి ముక్క సుక్రి వాడి చేతికిచ్చింది. అప్పుడే వాడు పెళ్ళి మాట ఎత్తాడు. కోటలో కూడా కొత్త కాకుండా కాయ ముట్టకూడదని ఆమె షరతు పెట్టింది. పంట చేతికొచ్చాక జాలరి తాత చేపలు తెచ్చాడు, అవ్వ కొత్త అటుకులు తెచ్చింది, పెళ్ళి ఘనంగా జరిగింది. అన్నలు సిగ్గుపడి రాజ్యం తమ్ముడికే వదిలేశారు.

ఇద్దరూ అరవై ఏళ్ళు ఏలారు. ఏటా మామిళ్ళు పండే వేళకి రాజుగారు కోట గోడెక్కి, నోరూరుతున్నా, కొండమీది డప్పు వినబడేదాకా అందరితోపాటు ఆగేవారు.