కళ్ళజోడు పడిన టేకు

సినిమా విడుదలై వారం తిరగలేదు, వంశీధర్‌కి కంటిమీద కునుకు కరువైంది.

సినిమా బాగానే ఆడుతోంది. బాధ అది కాదు. ఎవరో పనిలేని మహానుభావుడు అందులో తప్పులన్నీ ఏరి ఒక వీడియో పెట్టాడు. టైం మెషీన్ మీది మూత నిజానికి ఇడ్లీపాత్ర మూతేనట. సరే, నిజమే, దాచేదేముంది! అసలు దెబ్బ ఆ తరవాత ఉంది. హీరో భవిష్యత్తులోకి వెళ్ళి, ముసలివాడైపోయిన తనని తానే కలుసుకుంటాడు. ఆ ముసలాయన పగలబడి నవ్వితే కళ్ళజోడు జారి ఒళ్ళో పడుతుంది. మరుక్షణం, చెయ్యి కదలకుండానే, అది మళ్ళీ ముక్కుమీద ఉంటుంది. "కంటిన్యుటీ చూసే బాబు నిద్రపోయాడా?" అని కింద వందలమంది రాశారు.

ఆ బాబు వంశీధరే. ఏ షాట్‌లో ఎవరి చేతికి గడియారం ఉందో, ఎవరి బొత్తాం ఊడిందో కనిపెట్టుకుని ఉండటమే అతని ఉద్యోగం. వచ్చే నెల మొదలయ్యే పెద్ద సినిమాకి రమ్మన్న డైరెక్టరు ఇప్పుడు ఫోనెత్తడం లేదు.

పొద్దున్నే ఎడిటింగ్ రూముకి పరిగెత్తాడు. అతనికి పని నేర్పిన గురువు, ఎడిటర్ గవర్రాజు గారు, అప్పటికే అక్కడున్నారు. ఓటీటీకి వెళ్ళే కాపీ మధ్యాహ్నం పంపాలి.

"గురువు గారూ, ఆ తప్పు నేను సెట్లోనే పట్టుకున్నానండీ. పట్టుబట్టి ఇంకో టేకు తీయించాను. మీరు దాన్ని పక్కన పెట్టి ఇది వాడారు."

"వాడాను."

"మాట పడుతున్నది నేనండీ!"

కూర్చోమంటే కూర్చోడు, నిలబడితే కుదురుగా నిలబడడు. ఆ చిన్న గదిలో తలుపుకీ కిటికీకీ మధ్య తిరుగుతూనే ఉన్నాడు.

గవర్రాజు గారు తన కుర్చీలోంచి లేచారు. "రా, కూర్చో. నువ్వే మార్చు."

వంశీధర్ బిత్తరపోయాడు. అది ఇంతవరకూ ఇంకెవరూ కూర్చోని కుర్చీ. అయినా ఆగలేదు. పాత ముక్క తీసేసి, రెండో టేకు అతికించి, వేసి చూశాడు. కళ్ళజోడు ముక్కుమీదే ఉంది. ముందుకీ వెనక్కీ చక్కగా సరిపోయింది. అమ్మయ్య అనుకున్నాడు.

"ఇప్పుడెవడు వంక పెడతాడో చూస్తానండీ!"

"ఊఁ. ఆ టేకు మొత్తం ఒకసారి వెయ్యి. క్లాప్ కొట్టకముందు నుంచి."

వేశాడు. తెరమీద ముసలి హీరో వేషంలో సీతాపతి గారు, నాటకాల్లో పండిన పెద్దాయన, కుర్చీలో ఒదిగి కూర్చుని ఉన్నారు. కెమెరా వెనకనుంచి ఒక గొంతు విసురుగా వినపడింది.

"సార్, కళ్ళజోడు! మళ్ళీ పడిందంటే మళ్ళీ టేకే. కాస్త జాగ్రత్తగా ఉండండి!"

"అలాగే బాబూ, పొరపాటైంది." పెద్దాయన రెండు చేతులతో కళ్ళజోడుని చెవుల వెనక్కి నొక్కుకున్నారు.

క్లాప్ పడింది. "ఒరేయ్, నాకింత జుట్టుండేదా!" అన్నారు. నవ్వబోయారు. చెయ్యి కళ్ళజోడు మీదికి పోయింది, నవ్వు సగంలో నిలిచిపోయింది.

కట్ చెప్పగానే పెద్దాయన, ఇందాక ఆ గొంతు వచ్చిన వైపు తిరిగి, "సరిపోయిందా బాబూ?" అని అడిగారు.

"సూపర్ సార్!" అంది అదే గొంతు, హుషారుగా.

ఆ గొంతు ఎవరిదో వంశీధర్‌కి ఎవరూ చెప్పక్కర్లేదు. సిగ్గుతో అతని చెవులు వేడెక్కాయి. తెర ఆగిపోయినా చూపు మాత్రం తిప్పుకోలేకపోయాడు.

"కళ్ళజోడు మాత్రం పడలేదురా" అన్నారు గవర్రాజు గారు.

వంశీధర్ తను అతికించిన ముక్క మెల్లగా తీసేశాడు. మొదటి టేకుని దాని చోట పెట్టాడు. వేసి చూడలేదు.

"ఇలాగే పంపించేస్తానండీ" అన్నాడు.