రంగు ఆరని దీపస్తంభం

ఇంతియాజ్‌కు ఊరి మీద కోపం. నిన్నా మొన్నా వచ్చింది కాదు, ఏళ్లుగా లోపల ఉడుకుతున్నది.

కోటగుమ్మం నుంచి మార్కెట్ దాకా పాత పెద్దరోడ్డు పొడుగునా ఒకప్పుడు పోత ఇనుప దీపస్తంభాలుండేవి. లతల్లా వంగిన చేతులు, వాటికి వేలాడే గాజు గుండ్లు. ఇప్పుడు దర్గా ముందర కొన్ని మాత్రం మిగిలాయి. మిగతావి పాత ఇనుప సామాన్ల కొట్టుకు చేరాయి. ఎప్పుడు పీకారో, ఎవరు పీకారో చెప్పేవాడు లేడు.

ఉన్నవైనా కాపాడాలని ఇంతియాజ్ తిరగని ఆఫీసు లేదు. ఆ ఉదయం దర్గా గుమ్మం ఎదుటి స్తంభానికి తన చేత్తోనే నల్లరంగు వేశాడు. చుట్టూ ఇనుప కంచె పెట్టించి తాళం వేశాడు. దాని మొదలు దగ్గర ఏళ్ల తరబడి పూలమ్ముకుంటున్న మస్తానమ్మను రోడ్డుకు అవతల మురుగుకాలువ పక్కకు పంపేశాడు.

సాయంత్రం దర్గాలో గురువు బందగీ సాహెబ్ ముందు వచ్చి కూర్చున్నాడు.

"హజ్రత్, ఈ ఊరికి సిగ్గు లేదు. ఒకడు మేకను కట్టేస్తాడు. ఒకడు పోస్టరు అంటిస్తాడు. దారిన పోయే ప్రతివాడూ చెయ్యేసి రుద్దుతాడు. ఇనుము నున్నగా అరిగిపోయింది! శుక్రవారం దర్గాకు వచ్చేవాళ్లకు మీరొక మాట చెప్పండి, ఎవరూ ముట్టుకోవద్దని. ఆ ముసలమ్మ మళ్లీ అక్కడికి రావద్దని."

గురువు చేతికర్ర అందుకున్నారు. "దీపం వెలిగే వేళయింది. పద బేటా."

వాళ్లు గుమ్మం దాటగానే మస్తానమ్మ కాలువ గట్టు మీది నుంచి అందుకుంది.

"ఏమబ్బీ, స్తంభానికి తాళమేస్తివే, ఎవరితోనన్నా లేచిపోతాదనుకుంటివా? ఈ చీకట్లో, ఈ కంపులో నా మల్లెపూలు ఎవరు కొంటారు? పొద్దున్నించి మూర పోలేదు!"

"నీ పూల కోసం స్తంభం పాడవ్వాలా అవ్వా?"

అంతలో దీపం వెలిగింది.

ఆ రోడ్డు మీద ఒక అలవాటుంది. దీపం రాగానే దగ్గరున్నవాళ్లు, ఏ మతంవాళ్లయినా, స్తంభాన్ని తాకి వేళ్లు కళ్లకద్దుకుంటారు. తల్లులు చంటిబిడ్డల చేతులు ఆనిస్తారు. అలాగే ఒకామె బిడ్డ చేతిని కమ్మీల మధ్య నుంచి చాపించబోయింది.

"ముట్టుకోవద్దు! రంగు ఆరలేదు!" ఇంతియాజ్ కసిరాడు.

బిడ్డ ఉలిక్కిపడి ఏడుపందుకుంది. తల్లి బిడ్డను పొదువుకుని పక్కకు తప్పుకుంది.

గురువు ముందుకు నడిచి కంచెలోకి చెయ్యి పెట్టారు. రోజూ తాకే చోటు కోసమే చాపారు. అందలేదు. చెయ్యి అలాగే ఉంచి నిలబడ్డారు.

ఇంతియాజ్ గబగబా జేబు తడుముకున్నాడు. "తాళంచెవి నా దగ్గరే ఉంది హజ్రత్. మీకు తీస్తాను."

"నాకొక్కడికేనా?"

గురువు చెయ్యి వెనక్కి తీసుకున్నారు. రోడ్డు దాటి వెళ్లి, మస్తానమ్మ పక్కన కాలువ గట్టు మీద కూర్చున్నారు.

"అయ్యో, ఇక్కడ మురికి సామీ!"

"నువ్వు కూర్చోలేదా అమ్మా?"

ఇంతియాజ్ వెంటే వచ్చి ఎదురుగా నిలబడ్డాడు. "ఈ స్తంభాలు కూడా పోతే? మార్కెట్ వైపువన్నీ పోలేదా హజ్రత్? ఎవరికైనా పట్టిందా?"

మార్కెట్ వైపు, గోడౌన్ల వరుస ముందు రోడ్డు చీకటిగా ఉంది. గురువు చేతికర్ర అటు చూపించారు.

"అక్కడి దీపాల కింద ఎవరు కూర్చునేవాళ్లు?"

ఇంతియాజ్ గుర్తు చేసుకోబోయాడు. మూసిన షట్టర్లు తప్ప ఒక్క మనిషీ గుర్తుకు రాలేదు. పీకుతుంటే అడ్డుపడడానికి అక్కడ ఎవరూ లేరు.

వెళ్లి కంచె తాళం తీశాడు. మస్తానమ్మ బుట్ట ఎత్తుకొచ్చి దీపం కింద పెట్టాడు. తర్వాత, చేతులన్నీ కలిసి అరగదీసిన ఆ నున్నటి చోటు కోసం తడిరంగు మీద వెతికాడు. దొరికింది. అరచెయ్యంతా నల్లగా అయింది.

ఆ చేతినే కళ్లకద్దుకున్నాడు.