మిర్చియార్డు రోడ్డులో ట్రయల్

గుంటూరులో మోటారు సైకిళ్ల షెడ్డు నడిపే జిలానీ ఉస్తాద్‌ని ఏదైనా అడిగితే జవాబు నోటితో వచ్చేది కాదు, పని రూపంలో వచ్చేది. ఆ పని నడుము విరగ్గొట్టేదే అయ్యుండేది కనక, ఆయన దగ్గర నేర్చుకునేవాళ్లు నోరు విప్పేముందు ఒకటికి రెండుసార్లు ఆలోచించుకునేవాళ్లు. శౌరి ఒక్కడే ఆలోచించుకోకుండా అడిగాడు.

దానికి కారణం ఒక పెద్ద బండి. ముందొకటి, వెనకొకటి, రెండు సిలిండర్లు ‘వి’ ఆకారంలో నిలబడే భారీ ఇంజన్ దానిది. రైల్వేలో గార్డుగా రిటైరైన పూర్ణానందం గారు ఎన్నాళ్లనుంచో ఉన్న ముచ్చట తీర్చుకోవడానికి దాన్ని పాతదే కొన్నారు. ఇంజన్ విప్పి బాగుచేసే పనిని ఉస్తాద్ మొదటిసారి శౌరి ఒక్కడి చేతిలో పెట్టాడు. శౌరి ప్రాణం పెట్టి చేశాడు. వేగం మీదున్నప్పుడు గాలీ పెట్రోలూ బాగా పీల్చుకునేలా వాల్వులు తెరిచే క్యామ్ వేశాడు, సైలెన్సర్ గొంతు విప్పేశాడు. మన మెకానిక్కులందరికీ ఉన్న అలవాటే అతనికీ ఉంది కాబట్టి, పొద్దున్నే ఖాళీ బైపాస్ మీద ట్రయల్ చూశాడు. బండి గాల్లో తేలిపోయింది.

వారం తిరక్కుండానే పూర్ణానందం గారు దాన్ని తెచ్చి షెడ్డు ముందు ఆపారు. భార్య చంద్రకాంతమ్మ గారు ఒక్కసారి ఎక్కి, ఇక ఈ జన్మలో ఎక్కనన్నారట. ఆవిడ లేకుండా తనకు షికారేమిటి, రోజూ ఊళ్లో ఇద్దరం హాయిగా తిరిగేటట్టు చేస్తే సరి, లేదంటే అమ్మేస్తానని ఆయన చెప్పారు. తన చేత్తో చేసిన మొదటి ఇంజన్ అలా పరాయి చేతికి పోతుందంటే శౌరికి గుండె కలుక్కుమంది.

“ఉన్న బలాన్ని తీసెయ్యడం కూడా పనితనమేనా ఉస్తాద్?” అన్నాడు.

ఉస్తాద్ మర్నాడు మిట్టమధ్యాహ్నం పూర్ణానందం గారిని రమ్మని, ఆయన్నే నడపమన్నాడు. శౌరిని వెనక కూర్చోబెట్టి, మిర్చియార్డు దాకా వెళ్లి రమ్మన్నాడు.

అవి సీజను రోజులు. బస్తాల లారీలు, ట్రాక్టర్లు రోడ్డంతా పట్టేసి నత్తనడక నడుస్తున్నాయి. నిదానంగా పోనిస్తే బండి ఒక దూకు దూకి, వెంటనే గొంతు పట్టేసినట్టు ఆగబోతోంది. దూకినప్పుడల్లా శౌరి వెనక్కి తూలి పడబోయాడు, ఆగినప్పుడల్లా అతని నుదురు పెద్దాయన వీపుకి కొట్టుకుంది. వెనక సిలిండర్ సెగకి తొడ పొయ్యి పక్కన పెట్టినట్టు కాలిపోయింది. యార్డు గేటు దగ్గర దిగిపోయి, సిగ్గుతో నడిచే వచ్చాడు. తిరిగొచ్చాక ఇంజన్ విప్పడానికి కూర్చున్నాడు. నెమ్మదిగా తిరుగుతున్నా బరువు లాగే క్యామ్ వేశాడు. వెనక సిలిండర్ సెగ తగలకుండా రేకు అడ్డం పెట్టాడు, సైలెన్సర్ నోరు మూశాడు. ఒక్కొక్కటీ ఊడదీస్తుంటే తన పన్ను తానే పీక్కుంటున్నట్టు బాధపడ్డాడు. ఈసారి ట్రయల్ మిర్చియార్డు రోడ్డులోనే, మిట్టమధ్యాహ్నమే చూశాడు.

దంపతులిద్దరూ వచ్చారు. చంద్రకాంతమ్మ గారు అనుమానంగానే ఎక్కి కూర్చున్నారు. బండి కదిలి నెమ్మదిగా సందు మలుపు వైపు వెళ్తోంది.

శౌరి మొహం మాత్రం తేటపడలేదు. బైపాస్ మీద ఇప్పుడది ఎవరికీ అందకుండా పోలేదని, దాని బలమంతా తన చేతులతోనే తీసేశానని వాపోయాడు.

ఉస్తాద్ అతని భుజం మీద చెయ్యి వేసి, ఏం వినపడుతోందో చెప్పమన్నాడు.

శౌరి చెవి పెట్టి విన్నాడు. “ఇద్దరూ పోట్లాడుకుంటన్నారు ఉస్తాద్. బీరకాయలు ఏ బజార్లో కొనాలా అని.”

“ఇంజనో?”

“అది వినపడట్లేదు.”

ఉస్తాద్ చేతులు తుడుచుకుంటూ లోపలికి నడిచాడు. “మరి వాళ్లిద్దర్నీ మోస్తన్నదెవర్రా?” అన్నాడు.