టాన్స్‌బీ పేరురాయి మహిమ

ఇంగ్లాండు ఉత్తరభాగాన, గొర్రెలు ఎక్కువ, మనుషులు తక్కువగా ఉండే కొండనేలలో టాన్స్‌బీ అనే కుగ్రామం ఉన్నది. చర్చి ఒకటి, టీ కొట్టు ఒకటి, బస్సు రోజుకు రెండుసార్లు. చర్చి గోడ పక్కన మోకాలెత్తు నల్లరాయి కనబడుతుంది. దానినే పేరురాయి అంటారు. యాత్రికులు టీ తాగిన కప్పులు దానిమీద పెట్టవద్దని మనవి.

పూర్వం ఇక్కడ మార్జెరీ అనే విధవరాలు నలభై గొర్రెలను మేపుకొని బతికేది. కొండమీది గడ్డి ఊరందరిదీ. ఒకనాడు, యుద్ధంలో తన ప్రాణం కాపాడిన సర్ హంఫ్రీకి రాజుగారు ‘టాన్స్‌బీ ప్రభువు’ అనే బిరుదు ప్రసాదించినట్లు ఊరిలో చాటింపు వేశారు. జనం గుండెల్లో రాయి పడింది. ప్రభువంటే ఊరు ఆయనదే, ఇక కొండకు కంచె పడుతుంది అనుకున్నారు. మనలో ఇంటిపేరు కొండపల్లి అయినంత మాత్రాన కొండపల్లి కోట మనదవుతుందా? పాపం, ఆ మాట వారికి చెప్పేవారు లేకపోయారు. సగం ఊరు మూటలు కట్టుకొన్నది. మార్జెరీ మాత్రం ఈనబోయే గొర్రెలను కదిలించలేక ఏడుస్తూ కూర్చున్నది.

మధ్యాహ్నం ఆ రాతికి ఆనుకొని ఆమె కునుకు తీయగా, చర్చిలో కొలువైన పునీతురాలు కలలో కనబడింది. "ఏడ్చేముందు అడగవే పిచ్చిదానా! ఇచ్చింది పేరా, ఊరా?" అని మందలించింది.

మూడవనాడు సర్ హంఫ్రీ వచ్చి గుర్రం దిగాడు. ఊరంతా తలలు వంచుకొని నిలబడగా, మార్జెరీ ఒక్కతే ముందుకు వచ్చింది.

"దొరగారూ, రాజుగారు తమకిచ్చింది పేరా, ఊరా?"

ఆయన తెల్లబోయి, రాజపత్రం విప్పి రెండుసార్లు చదివాడు. చదివి ఆ రాతిమీదే చతికిలబడ్డాడు.

"పేరేనమ్మా! సెంటు భూమి కూడా లేదు. బతికించావు తల్లీ. ఊరు నాదైతే మీ చర్చి పైకప్పు నేనే వేయించాలేమోనని దారంతా దిగులుపడుతూ వచ్చాను."

పేరు గొప్ప, ఊరు దిబ్బ అని ఆయన మనసులో అనుకొన్నాడేమో గాని, పైకి అనలేదు. ఊరివాళ్ళు నవ్వారు, ఏడ్చారు, మూటలు విప్పుకొన్నారు. ఆ వారంలోనే మార్జెరీ గొర్రెలు కొండమీదనే ఈనాయి.

నాటినుండి ప్రతి కొత్త ప్రభువూ టోపీ తీసి ఈ రాతి ముందు నిలబడేవాడు. ఊరి పెద్దామె అదే ప్రశ్న అడిగితే "పేరే" అని జవాబు చెప్పేవాడు. కాలక్రమాన వారసులు లేక ఆ బిరుదు అంతరించింది. ఆచారం మాత్రం పోలేదు. ఇప్పుడు ఊరికి కొత్తగా కాపురం వచ్చే ప్రతివారినీ ఇక్కడ నిలబెట్టి అడుగుతారు. అద్దె ఇళ్ళవారు, కౌలుదారులు ఈ రాతిని తాకితే ఉన్నచోటు నుండి ఎవరూ కదల్చలేరని నమ్మకం.

ఈ చిన్న పుస్తకం రాస్తున్న నేను నర్సు ఉద్యోగానికి రెండు పెట్టెలతో ఇక్కడ దిగాను. ఎక్కడ పొమ్మంటారోనని బెదురుతూ, నేర్చుకొన్న జవాబే "పేరే" అని అప్పజెప్పాను. పెద్దామె డోరతీగారు తల అడ్డంగా ఊపి, నా పెట్టె ఒకటి తానే అందుకొన్నారు.

"పేరు దొరలకమ్మా. నువ్వు ఊరు తీసుకో."