ఏడ్చే తీగ, ఏడవని ఓబులమ్మ

అనగా అనగా, రాజుల మాటలు డప్పు మీద ఊరేగే కాలంలో, ఒక కొండవాలున ఒక ద్రాక్షతోట ఉండేది. తోట తిమ్మక్క అనే ముసలమ్మది. నాటింది ఆమె, పందిళ్లు వేయించింది ఆమె. చూపు మందగించాక కోత కత్తిని కోడలు ఓబులమ్మ చేతిలో పెట్టి, "ఇక నువ్వే చూసుకో తల్లీ" అంది.

ఆ ఇంటి ద్రాక్షాసవానికి దేశమంతా పేరు. పండు కోసి, తొట్టిలో పోసి, ఇంటిల్లిపాదీ కాళ్లు కడుక్కుని తొక్కేవారు. నెయ్యి పట్టించిన బానల్లో రసం నింపి, పులియడానికి గుప్పెడు అడవిపూలు వేసి, మూతికి గుడ్డ కట్టి మట్టి మెత్తి, మెడదాకా ఇసుకలో పూడ్చేవారు. మూడు నెలలు ఎవరూ తాకరాదు. తిమ్మక్క మాత్రం రోజూ వెళ్లి బానకు చెవి ఆనించి, "గొణుగుతోందర్రా, బాగానే ఉంది" అని చెప్పి వచ్చేది.

ఆ దేశపు రాజు దయాసేనుడు. ఆయన మనసు వెన్న. పిట్ట రెక్క విరిగిందన్నా కళ్లు తుడుచుకునేవాడు. అదీ నలుగురికీ కనబడేలా తుడుచుకునేవాడు.

ఒక ఉదయం ఆయన పల్లకి తోట పక్కగా పోతోంది. ముందురోజే ఓబులమ్మ సగం తోటలో తీగలు కత్తిరించింది. ప్రతి కోత చివరా ఒక చుక్క వేలాడుతోంది, రాలుతోంది, మళ్లీ ఊరుతోంది.

"అయ్యయ్యో! తీగ ఏడుస్తోంది!" అన్నాడు రాజు. పల్లకిలో ఆయనకూ ఏడుపొచ్చింది.

సాయంత్రానికల్లా ఊరూరా దండోరా మోగింది. ద్రాక్షతీగకు కత్తి పెట్టినవాళ్ల చెయ్యి నరికిస్తారట! తీగ మీద అంత జాలి మరి.

మిగతా తోటలవాళ్లు కత్తులు చూరులో దోపేశారు. ఓబులమ్మ మాత్రం, ఇంకా సగం తోట మిగిలిందని తెల్లారగానే బయల్దేరింది.

భటులు వచ్చి కత్తి లాక్కున్నారు. "ఈసారికి వదిలేస్తున్నాం. మా రాజుగారిది జాలిగుండె" అన్నారు.

"జాలి నాకూ ఉందయ్యా. అందుకే కోస్తున్నా. కోస్తేనే కొత్త చిగురు, కొత్త చిగురుకే గుత్తి. కోయకపోతే తోటంతా ఆకే" అంది ఓబులమ్మ.

మర్నాడు గడ్డి కొడవలితో వచ్చింది. భటులు కొడవలీ లాక్కున్నారు. తోట గుమ్మానికి ముళ్లకంప అడ్డం వేసి పోయారు.

మూడోనాడు కంప కింద నుంచి దూరింది. ఇంట్లో మిగిలిన ఇనుము కత్తిపీట ఒక్కటే. దాన్ని నేలమీద పెట్టి, కాలితో తొక్కిపట్టి, ఒక్కొక్క తీగనూ వంచి వంకాయ తరిగినట్టు తరిగింది. భటులు వచ్చేసరికి ఆఖరి తీగ కూడా అయిపోయింది. వీపంతా గీసుకుపోయి రక్తం కారుతున్నా నవ్వుతూ నిలబడింది. ఆ రక్తం చూసి ఎవరికీ జాలి కలగలేదు.

రాజుకు కబురు వెళ్లింది. "ఆ తీగలు ఎండి చావనీ. వాటిని చూపించి మరీ శిక్షిస్తాను" అన్నాడు.

తీగలు చావలేదు. పదిహేను రోజులకు చిగురించాయి, ఆపైన పూశాయి, పందిరి వంగేలా కాశాయి. మిగతా తోటల్లో మనిషి దూరలేనంత ఆకు పెరిగింది. వెతికితే శనగగింజలంత పుల్లకాయలు నాలుగు దొరికాయి.

రాజుగారి పుట్టినరోజు విందుకు దేశమంతా గాలిస్తే ఆసవం ఉన్నది ఓబులమ్మ ఇంట్లోనే. రాజు మూడు గిన్నెలు తాగి మీసం తుడుచుకుని, "ఎంత బాగుంది! ఏ తోటది?" అని అడిగాడు. చెప్పారు. రాజు మొహం మాడిపోయింది.

"ఆసవం ఆసవమే, శాసనం శాసనమే. మళ్లీ తీగలు కత్తిరించేనాటికి నేనే వస్తాను. ఆమె కత్తి పెడితే అక్కడే చెయ్యి తీయిస్తాను" అన్నాడు.

అన్నట్టే వచ్చాడు. తలారి గొడ్డలి భుజాన పెట్టుకుని వెనకే వచ్చాడు. ఊరంతా గట్టు మీద నిలబడింది.

తిమ్మక్క కోడల్ని గట్టిగా పట్టుకుంది. "వద్దు తల్లీ! తోట పోతే పోయింది, నువ్వు నాకు కావాలి" అని బావురుమంది.

"చెయ్యి ఉంచుకుని పని మానుకుంటే ఆ చెయ్యి ఎందుకత్తా?" అంది ఓబులమ్మ. తన చేతిని మెల్లగా విడిపించుకుని, అరువు తెచ్చిన కత్తితో రాజు కళ్లెదుటే తీగ కోసింది.

"తలారీ!" అని అరిచాడు రాజు.

ఓబులమ్మ కోత కింద దోసిలి పట్టింది. నాలుగు చుక్కలు పడేదాకా ఆగి, ఆ చేతుల్ని రాజు ముందుకు చాచింది.

"ఇవిగో దొరా, చేతులు. నరికించే ముందు ఇందులోది నాలుక మీద వేసుకోండి."

రాజు వేలు ముంచి రుచి చూశాడు. "చప్పగా ఉంది. ఒట్టి నీళ్లు" అన్నాడు.

"నీళ్లే. వేరు తాగి పైకి పంపుతున్న నీళ్లు. కోత దగ్గర దారి తెగి జారాయి. బతికున్న తీగకే ఇలా జారతాయి, ఎండిన కట్టెకు జారవు. ఇది ఏడుపు కాదు దొరా."

తర్వాత ఆమె తిమ్మక్క చెంప మీద వేలు రాసి, ఆ తడివేలు చూపింది. "ఇప్పుడు ఇది రుచి చూడండి."

రాజు చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. తిమ్మక్క మాత్రం ఏడుస్తూనే ఉంది.

"చూడక్కర్లేదు, ఉప్పగా ఉంటుందని మీకూ తెలుసు. తీగ తెగితే కరిగిన మీ మనసు, మనిషి చెయ్యి తెగుతుందంటే ఎందుకు కరగలేదు?"

తలారి తనంతట తానే గొడ్డలి కింద పెట్టాడు. రాజు తల దించుకుని, "శాసనం తప్పు" అన్నాడు.

"శాసనానికి చేతులున్నాయా దొరా తప్పు చేయడానికి? రాసినవాళ్లది తప్పు" అంది ఓబులమ్మ.

"నాదే తప్పు" అన్నాడు రాజు, ఈసారి గట్టున ఉన్నవాళ్లందరికీ వినబడేలా.

"అయితే కాస్త పక్కకు జరగండి. మీరు నిలబడ్డ చోట ఇంకో వరుస ఉంది" అని ఓబులమ్మ కత్తి ఎత్తింది. రాజు జరిగాడు.

పిల్లలూ, పని తెలియని జాలి కత్తికన్నా చెడ్డది. పని తెలిసినవాళ్లు దానికి తల వంచకూడదు, అది సింహాసనం మీద కూర్చుని ఏడ్చినా సరే.