నూకాలు అతికించిన ప్లాస్టరు

అనగనగా గవ్వలపేట. రాజుగారుండే ఊళ్లో వీడియో గేములెక్కడివని అడక్కండి. కథలో అన్నీ ఉంటాయి.

ఆ ఊరి బజారులో నూకాలు అనే ఆవిడ పాత గేమ్ పెట్టెలు కొని, బాగుచేసి అమ్మేది. పన్నెండేళ్లు గంప నెత్తిన పెట్టుకుని వీధి వీధీ తిరిగాక ఆమెకొక కొట్టు దొరికింది. గంప మోసిన మెడకే తెలుస్తుంది నీడ విలువ!

నూకాలుకొక అలవాటుంది. ఏ పెట్టె అమ్మకానికి పెట్టినా, దాని మీద తెల్ల ప్లాస్టరు అతికించి, ఉన్న లోపం రాసేది. "ఎడమ మీట గట్టిగా నొక్కాలి." "బొమ్మ అప్పుడప్పుడు వణుకుతుంది."

పక్క కొట్టు సింహాద్రి అలా కాదు. పాత పెట్టెను మెరిసేదాకా తుడిచి, కొత్త అట్టపెట్టెలో పెట్టి, "నిన్ననే దిగింది బాబూ!" అనేవాడు.

"నీ సరుకును నువ్వే తిట్టుకుంటావేంటి నూకాలక్కా? పిల్లకు పన్ను పుచ్చిందని పెళ్లిచూపుల్లో చెబుతారా ఎవరైనా?" అని నవ్వేవాడు.

"పెళ్లయ్యాక తెలిస్తే నవ్వుతారా మరి?" అనేది నూకాలు.

మాట బాగానే ఉంది. బేరమేది? వచ్చినవాళ్లు ప్లాస్టరు చదివి పక్క కొట్టుకు పోయేవారు. బజారు కట్టుబాటు గట్టిది. అమావాస్య నుంచి అమావాస్య దాకా ఒక్క బేరమూ లేని కొట్టు ఖాళీ చెయ్యాలి. తిరిగొచ్చిన సరుకు బేరం కిందికి రాదు. రేపే అమావాస్య. మూలనున్న గంప నూకాలుకేసే చూస్తున్నట్టుంది.

ఆ రోజే రాజుగారి చిన్న కూతురికి జ్వరమొచ్చింది. "గేమ్ ఆడనిస్తేనే కషాయం తాగుతా" అని పిల్ల మొండికేసింది. దివానుగారు పరుగున వచ్చి సింహాద్రి దగ్గర ఒక పెట్టె కొన్నారు. ఆట మధ్యలో అది ఆరిపోయింది. పిల్ల కషాయం ఒలకబోసింది. రెండోది కొన్నారు. అదీ అంతే. మూడోది అసలు వెలగనే లేదు.

దివానుగారు మండిపడుతూ నూకాలు ముందుకొచ్చారు. "నీ దగ్గరైనా ఆడేది ఉందా, లేక మీరంతా ఒకే తాను ముక్కలా?"

నూకాలు తన సరుకులో మంచి పెట్టె తీసింది. దాని మీద ప్లాస్టరు ఉంది: "అరగంట ఆడితే వేడెక్కి ఆగుతుంది. పావుగంట చల్లారాలి."

పెట్టె ఎత్తేటప్పుడు ఆమె బొటనవేలు సరిగ్గా ఆ రాత మీద పడింది. నూకాలు వేలు కదపలేదు. ఒక్క బేరం చాలు, కొట్టు నిలుస్తుంది. ఈ వేలు ఇలాగే ఉంటే చాలు.

గంప కళ్ల ముందు కదిలింది. దాని వెనకే, జ్వరంతో నాలుగోసారి ఏడ్చే పిల్ల కూడా కదిలింది. నూకాలు వేలు తీసేసింది.

"అయ్యగారూ, ముందు ఇది చదవండి."

దివానుగారి ముఖం వాడిపోయింది. "అంటే ఇదీ ఆగుతుందా?"

"ఆగుతుందండీ. కానీ ఎప్పుడాగుతుందో మనకు తెలుసు. వేడెక్కకముందే మీరే ఆపండి. చల్లారేలోగా పాపకు కషాయం పట్టండి."

దివానుగారు మీసం గోక్కున్నారు. "పొద్దుట్నుంచి నిజం చెప్పింది నువ్వొక్కదానివే" అని పెట్టె పట్టుకుపోయారు.

ఆ పూట నూకాలుకు ముద్ద దిగలేదు. మర్నాడు దివానుగారు వస్తుంటే చూసి, గంప దులిపి దగ్గర పెట్టుకుంది. తీరా చూస్తే ఆయన చేతులు ఖాళీ!

"పెట్టె ఏదండీ?" అంది భయంభయంగా.

"పాప ఇస్తేగా! మొదటిసారి ఆపితే కషాయం తాగింది. రెండోసారి ఆపితే జావ తాగింది. మూడోసారి ఆపేసరికి నిద్రపోయింది. తెల్లారేసరికి జ్వరం దిగిపోయిందమ్మా!"

నూకాలు గంప బోర్లించి, దాని మీదే చతికిలబడి, గుండెల నిండా గాలి పీల్చుకుంది. ఇక ఆ గంప కూర్చోవడానికే.

కాసేపటికి సింహాద్రి తల గోక్కుంటూ వచ్చాడు. "అక్కా, ఓ ప్లాస్టరు ముక్కుందా?"

"ముక్కేం సరిపోతుందిరా నీ కొట్టుకు? చుట్టంతా పట్టుకుపో!"

వినండి పిల్లలూ: చెప్పిన లోపాన్ని ఎవరైనా భరిస్తారు, దాచిన లోపాన్ని ఎవరూ క్షమించరు.