ఐస్‌క్రీం పెట్టెలో ఎలుకలు

రత్నం ధ్యానం నేర్చుకుందామని వచ్చింది. ఎలుకల పెట్టె చేతికొచ్చింది.

ఆమె అసలు పేరు నూకరత్నం. చోడవరం దగ్గర పల్లె. పదో తరగతి తర్వాత బడి ముఖం చూడలేదు గానీ దొరికిన పుస్తకాన్నల్లా దొరికినట్టే చదివేసింది. రెండు ఆశ్రమాలు తిరిగి, రెండింటి మీదా పెదవి విరిచి, చివరికి తెల్లచీర కట్టుకుని కొండవాలులో ఉన్న ఈ బౌద్ధ విహారానికి చేరింది. విహారమంటే పెద్దదేం కాదు. ఒక ధ్యానశాల, ఒక వంటిల్లు, నాలుగు గదులు, ఒక ముసలి భిక్షువు. ఆయన్ని అందరూ భంతే అంటారు. వంట చేసే పైడమ్మ మాత్రం సాములోరంటుంది.

ఎలుకల కంటే ముందు విహారానికి ఒక పాము వచ్చింది. ఎలా వచ్చిందంటే, విశాఖలో కంప్యూటరు ఉద్యోగం చేసే కుర్రాడొకడు దాన్ని ముచ్చటపడి పెంచుకున్నాడు. ఎక్కడో ఆఫ్రికా జాతి కొండచిలువ. విషం లేదు. ఉండాల్సిన కాగితాలన్నీ ఉన్నాయి. భయం వేస్తే బంతిలా చుట్టుకుని తలకాయ లోపల దాచుకుంటుంది. అంతలో కుర్రాడికి పెళ్ళి కుదిరింది. పెళ్ళికూతురు "నేనో అదో తేల్చుకో" అంది. తేల్చుకున్నాడు. గాజుపెట్టెతో సహా తెచ్చి, "ఒక్క నెల ఉంచండి భంతే" అని దింపి వెళ్ళాడు. ఆ నెల ఇంకా పూర్తి కాలేదు.

పాముతో పాటు దాని తిండీ వచ్చింది. చంపి, గడ్డకట్టించి, కవర్లలో పెట్టి అమ్మే తెల్ల ఎలుకలు. అవి అయిపోయే వేళకి కుర్రాడు మళ్ళీ పంపిస్తాడు, ఆ ఒక్క మాట మాత్రం నిలబెట్టుకున్నాడు. వాటిని దాచడానికి ఎవరో భక్తుడు మూతపడ్డ తన ఐస్‌క్రీం కొట్లోని పాత ఫ్రీజరు ఇచ్చాడు. దాని మూత మీద వెలిసిపోయిన కోను బొమ్మ ఇంకా ఉంది. ఆదివారం పెద్దవాళ్ళు ధ్యానంలో కూర్చుంటే పిల్లలు దాని చుట్టూ తిరిగేవారు. అందులో ఐస్‌క్రీం లేదంటే నమ్మేవారు కాదు. ఏముందో రత్నం చెప్పేది కాదు.

"ఈ పాము తిండి నువ్వు చూసుకో" అన్నారు భంతే, ఆమె వచ్చిన కొత్తలోనే.

ప్రాణం తీయనని శీలం, అంటే వ్రతం, తీసుకున్న మనిషికి ఈ పనేమిటో ఆమెకి బోధపడలేదు. పరీక్షేమో అనుకుంది. పరీక్షే అయితే నెగ్గాలి కదా అని ఒక ఉపాయం కూడా కనిపెట్టింది.

ఒకసారి భంతే ఎవరికో చెబుతుంటే విన్నది. భిక్షాపాత్రలో మాంసం పడితే భిక్షువు తినొచ్చా అని వాళ్ళడిగారు. తన కోసం చంపడం కళ్ళతో చూడకపోతే, చంపారని చెవిన పడకపోతే, మనసులో అనుమానం కూడా లేకపోతే తినొచ్చన్నారాయన. రత్నం ఆ మాటను గట్టిగా పట్టుకుంది. పైడమ్మని బతిమాలి ఒక్కొక్క ఎలుకనీ పాత పేపరులో, కారప్పూస పొట్లంలా కట్టించింది. పాముకి తిండి పెట్టే రోజు పట్టకారుతో ఒక పొట్లం తీసేది. చూడకుండానే దాన్ని విప్పి ఎలుకని నల్లకవరులోకి జార్చి వేణ్ణీళ్ళ గిన్నెలో ముంచేది. కాసేపాగి, ముఖం అటు తిప్పుకుని, కవరు గాజుపెట్టెలోకి వంచేసేది. ఎలుక ముఖం చూసే పనే లేదు.

"ఏటి రత్నమ్మా, కోడిగుడ్డు తగిల్తే తానం సేత్తావు. ఎలకలకి మాత్రం ఏసీ గది ఇచ్చినావు" అనేది పైడమ్మ.

"నేను వాటిని చూడను కూడా చూడను."

"అదే మరి. సూడకుండానే ఇంత సేవ సేత్తన్నావు."

ఆ ఆదివారం అనకాపల్లి నుంచి ఒక టీచరమ్మ వచ్చింది. పాముని చూసి ముచ్చటపడి, ఏం పెడతారని అడిగింది. రత్నం చెప్పింది. అంతటితో ఆగకుండా తన పద్ధతి కూడా చెప్పింది. చూడలేదు, వినలేదు, అనుమానం లేదు, కాబట్టి శీలభంగమూ లేదు.

టీచరమ్మ నవ్వింది. "చూడకపోవడమేంటమ్మా, పొట్లం కట్టించింది నువ్వే కదా. పైగా వాటిని చంపింది దీని కోసమేగా. వాటంతటవే చచ్చిపోయి దొరికినవి కావుగా."

రత్నం గాజుపెట్టె అద్దం తుడవడం మొదలుపెట్టింది.

ఇంకొక చిక్కు వచ్చిపడింది. పాము తినడం మానేసింది. పెట్టింది పెట్టినట్టే పడుండేది. పాము దగ్గరకొచ్చి నాలుక ఆడించి, వెనక్కి పోయి చుట్టుకునేది. ముట్టని ఎలుకని మళ్ళీ ఫ్రీజరులో పెట్టకూడదు, పాడైపోతుంది. పైడమ్మ తీసుకెళ్ళి అరటిచెట్ల వెనక పాతిపెట్టేది. పాము ఒళ్ళు తగ్గిపోయి వెన్నెముక గట్టులా పైకి తేలింది.

పెడితే ఒక చావు. పెట్టకపోతే ఇంకో చావు. ఇప్పుడు పెట్టినా తినదు, అంటే చచ్చింది ఊరికే చచ్చినట్టు. రత్నం కళ్ళు మూసుకుని కూర్చుంటే ఊపిరికి బదులు ఈ లెక్కే తిరుగుతోంది.

"ఈ ఎలుక పాపం ఎవరిదంటావు?" అని పైడమ్మనే అడిగింది ఉండబట్టలేక.

"ఎలకదే. ఎలకై పుట్టమని ఎవులు సెప్పినారు?"

"నేను నవ్వులాటకి అడగలేదు."

"నానూ నవ్వులాటకి సెప్పలేదు" అంది పైడమ్మ, బియ్యంలో రాళ్ళు ఏరుకుంటూ.

మధ్యాహ్నం భంతే వసారాలో కూర్చుని చిరిగిన తన కాషాయ వస్త్రం, చీవరం, కుట్టుకుంటున్నారు. రత్నం వెళ్ళి మూడుసార్లు మొక్కి కూర్చుంది.

"భంతే, నన్ను ఆ పని నుంచి తప్పించండి. లేదంటే నేను వెళ్ళిపోతాను."

ఆయన దారం కొరికారు. "మూడో ఆశ్రమం కూడా అయిపోయిందా?"

"ఇక్కడ ఎవరి మీదా కోపం లేదు. నాకు తెలియడం లేదు, అంతే. ఈ పాపం చంపినవాడిదా? కొని పంపినవాడిదా? వేణ్ణీళ్ళలో వేసే నాదా? తినే పాముదా? చెప్పండి, నమ్ముతాను. నాదే అంటే మాత్రం ఇక్కడ ఉండలేను."

భంతే సూది చీవరానికి గుచ్చి లేచారు. ఫ్రీజరు దగ్గరకెళ్ళి మూత ఎత్తారు. ఒక పొట్లం తీసుకుని వచ్చి పేపరు విప్పారు.

"చెయ్యి పట్టు."

రత్నం అరచెయ్యి చాపింది, ఎందుకో తెలియకుండానే. ఆయన తన చెయ్యి ఆమె చేతికి తగలకుండా పైనుంచి ఎలుకని వదిలారు.

"వెచ్చబడేదాకా పట్టుకో. తర్వాత వెళ్దువుగాని."

మళ్ళీ కూర్చుని సూది అందుకున్నారు.

అది రాయిలా ఉంది. చల్లదనం అరచేతిలోంచి మోచేతి దాకా పాకింది. రత్నం చెయ్యి మార్చుకుంది. కళ్ళు మూసుకుంది. మూసుకుంటే చేతికి ఇంకా బాగా తెలుస్తోందని తెరిచేసింది. మీసాల మీద మంచు, పిండి చల్లినట్టు. ముందరి కాళ్ళకి వేళ్ళున్నాయి. వేళ్ళకి గోళ్ళున్నాయి. ఇంత చిన్నదానికి ఇంత పనితనమా అనుకుంది.

పైడమ్మ వంటింటి గుమ్మంలోకి వచ్చి చూసి, ఏదో అనబోయి, సబ్బు తెచ్చి గట్టు మీద పెట్టి వెళ్ళిపోయింది.

మొదట తోక మెత్తబడింది. తర్వాత చెవులు. వేళ్ళ సందుల్లోంచి నీళ్ళు కారి చీర తడిసింది. బొచ్చు తడికి అతుక్కుపోయి, కింద గులాబీ రంగు చర్మం కనిపించింది. రత్నం రెండో చెయ్యి కూడా మూతలా పైన పెట్టింది.

"ఇంకెంతసేపు భంతే?"

"పొట్ట నొక్కి చూడు."

నొక్కింది. "పైన మెత్తగానే ఉంది. లోపల ఇంకా మంచుగడ్డ ఉంది."

"నువ్వు ఇన్నాళ్ళూ పెట్టినవి అవే. లోపల చల్లగా ఉంటే చచ్చిందని దానికి తెలిసిపోతుంది."

రత్నం చేతులు రెండూ ఒడిలోకి తెచ్చుకుని, ఎలుక మీదికి కొంచెం వంగి కూర్చుంది. అలా ఎంతసేపు కూర్చుందో ఆమెకి తెలియదు. భంతే కుట్టు ఒక అంచు నుంచి ఇంకో అంచుకి చేరింది.

ఒక క్షణంలో చేతిలో బరువు మారినట్టనిపించింది. అది రాయి బరువు కాదు. వేళ్ళ మీద వాలి, వేళ్ళ వంపుకి ఒదిగిన బరువు. ముందరికాలు ఒకటి దానంతటదే విచ్చుకుని ఆమె బొటనవేలిని తాకింది. రత్నానికి అది చచ్చిపోయిందని తెలుసు. తెలిసీ, కదిలిస్తే లేస్తుందేమో అన్నట్టు కదలకుండా ఉండిపోయింది.

"భంతే."

"ఊఁ."

"వెచ్చబడింది."

"అయితే పద."

ఆమె లేవలేదు. "దీన్ని ఇవ్వాలా?"

భంతే ఆమె వైపు చూశారు. తరవాత గాజుపెట్టె ఉన్న గది వైపు చూశారు. అంతే. పాము అక్కడ ఆకలితో ఉంది. ఆ సంగతి ఆయన నోటితో చెప్పనక్కర్లేదు.

రత్నం లేచింది. గదిలోకి వెళ్ళేసరికే పాము తల ఎత్తి ఉంది. తోకని పట్టకారుతో పట్టుకుని లోపలికి దించింది. ఈసారి ముఖం తిప్పుకోవడం మరిచిపోయింది. పాము మెడ వెనక్కి లాగింది. ఎప్పుడు దూకిందో కనపడలేదు. కనపడేసరికి ఎలుక చుట్టూ మూడు చుట్లు బిగిసి ఉన్నాయి. ఇందాక తను రెండు చేతులూ మూసి పట్టుకున్నట్టే పట్టుకుంది.

బతికున్నదనుకుంటోంది అది. అలా అనుకోవాలనే తను అంతసేపూ కూర్చున్నది. మరి తనెందుకు అలాగే అనుకుంది?

పాము మెల్లగా తలవైపు నుంచి మింగడం మొదలుపెట్టింది. గొంతు నుంచి కిందికి ఉబ్బు జారుతుంటే ఆ బక్క ఒంటికి కాస్త నిండుదనం వచ్చింది. రత్నానికి సంతోషం వేసింది. వెంటనే ఏడుపు వచ్చింది. ఏది ముందు వచ్చిందో ఆమెకే తెలియలేదు.

తోక చివర కూడా లోపలికి పోయాక బయటికి వచ్చింది. భంతే చీవరం మడత పెడుతున్నారు. ఆమె ఎదురుగా నిలబడింది. చేతులు ఇంకా దోసిలిలాగే ఉన్నాయి.

"నేను చేసింది దయా భంతే? హింసా?"

"నీకేం అనిపిస్తోంది?"

రత్నం బుర్రలోకి చదివినవన్నీ ఒకదాని మీద ఒకటి వచ్చాయి, ఒక్కటీ నిలబడలేదు.

"తెలియడం లేదు."

"టీచరమ్మతో తెలుసన్నావట?"

"అప్పుడు తెలిసినట్టే ఉండేది."

"ఇప్పుడు?"

"తెలియదు భంతే. నిజంగా తెలియదు."

ఆయన మడత పెట్టిన చీవరాన్ని భుజాన వేసుకున్నారు.

"అయితే పాముని ఇక నీకు అప్పజెప్పొచ్చు" అన్నారు.